ఆరు నిమిషాల వీడియో, పందొమ్మిది సెకన్ల క్లిప్: నా 48 రోజులు

కులపు తిట్లు ఆపాలని నేను చేసిన వీడియోను ఎవరో కోసి, నేనే తిట్టినట్టు తిప్పారు. ఆ గొడవ 2025 ఆగస్టు 29న మొదలై అక్టోబర్ 16 దాకా నడిచింది. ఇలాంటిది జరిగితే మొదటి రోజు ఏం చేయాలో నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. వెతికితే కోర్టు తీర్పులు, చర్చా కార్యక్రమాలు దొరికాయి కానీ, మనలాంటి మామూలు మనిషికి నిజంగా ఏ రోజు ఏం జరుగుతుందో రాసినవాళ్లు కనపడలేదు. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను.

నేను గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. నాలుగేళ్లుగా మాటల పుట్టుక గురించి, పల్లెటూరి పదాల గురించి చిన్న వీడియోలు చేస్తున్నాను, 11,200 మంది చూస్తుంటారు. మాది నాయీ బ్రాహ్మణ కుటుంబం. తాతకు తెనాలి దగ్గర ఊళ్లో క్షౌరం కొట్టు ఉండేది, నాన్న సన్నాయి వాయిస్తారు, ఇప్పటికీ పెళ్లిళ్లకూ గుడికీ వెళ్తారు. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ప్రతి ఏడాది గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజున ఒక ప్రత్యేక వీడియో పెట్టడం నాకు అలవాటు. ఈసారి మన మాటల్లో కలిసిపోయిన కులపు తిట్ల మీద చేశాను. డబ్బు పోతే ‘క్షవరం అయింది’ అంటాం, ఎవరినైనా కడిగేస్తే ‘చాకిరేవు పెట్టారు’ అంటాం, అనేటప్పుడు ఎవరి పని గురించి మాట్లాడుతున్నామో మనకు గుర్తుండదు. తాళి కట్టే క్షణంలో పురోహితుడు ‘గట్టిమేళం’ అని చెయ్యి ఊపితే మా నాన్న ఊపిరి బిగబట్టి వాయిస్తారు, ఆ మేళం లేకపోతే ముహూర్తం పూర్తయినట్టే ఉండదు, అదే పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో ఎవరినో మా నాన్న కులం పేరు పెట్టి తిడతారు. ఇదీ నేను చెప్పింది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీ బ్రాహ్మణులను కించపరిచే మాటలు వాడకూడదని జీవో ఇచ్చింది, ఏయే మాటలో అందులోనే పేర్కొంది. ఆ మాటలు చదివి వినిపించి, ‘ఇవి మనం ఆపాలి’ అన్నాను. మొత్తం ఆరు నిమిషాల నలభై సెకన్లు.

ఆ మాటలు మాత్రం ఇక్కడ రాయను. రాయడం తప్పని కాదు, భయం. ఇంకా పోలేదు.

మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. ‘భాషా దినోత్సవం నాడే భాషను తిడతావా, సామెతలన్నీ తీసేస్తే తెలుగులో ఏం మిగులుతుంది’ అని కొందరు కోప్పడ్డారు, వాళ్లకు ఓపిగ్గా జవాబులు రాశాను. అది వాదన, దానికి నాకు అభ్యంతరం లేదు.

ఆగస్టు 31 ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. “అక్కా, నువ్వు మనవాళ్లను తిట్టావంట కదా, మా గ్రూపులో వచ్చింది.” పంపమన్నాను. పందొమ్మిది సెకన్ల క్లిప్. జీవోలోని మాటలు చదివిన ముక్క మాత్రమే ఉంది, ముందు ‘ఈ మాటలు వాడకూడదు’ అన్నది లేదు, వెనుక ‘ఆపాలి’ అన్నది లేదు. పైన ఎర్ర అక్షరాలతో ‘నాయీ బ్రాహ్మణులను బూతులు తిట్టిన లెక్చరర్, ఈమెను వదలొద్దు’ అని, కింద మా కాలేజీ ఫోన్ నంబరు. ఎవరు కోశారో ఇప్పటికీ తెలియదు. సాయంత్రానికి మా బంధువుల గ్రూపులు మూడింట్లో తిరుగుతోంది. మా పెద్దమ్మ ఏడుస్తూ ఫోన్ చేసి, “చదువుకున్నావు గదా అని ఇంట్లోవాళ్లనే అంటావా తల్లీ” అంది. పరాయివాళ్లు తిడితే పంటి బిగువున పట్టుకోగలిగేదాన్నేమో, పెద్దమ్మ అన్న ఆ మాటకు మాత్రం నాకు కాళ్లు చేతులు ఆడలేదు.

ఆ రాత్రే నేను చేసిన మొదటి తప్పు, పూర్తి వీడియో లింకు అందరికీ పంపడం. లింకు ఎవరూ నొక్కరు. క్లిప్ వాట్సాప్‌లోనే ఆడుతుంది, లింకు వేరే యాప్‌కి తీసుకెళ్తుంది, డేటా అయిపోతుందని కొందరు, ఎందుకొచ్చిందిలే అని కొందరు తెరవలేదు. నేను కూడా పూర్తి వీడియోను ముక్కలు చేసి వాట్సాప్‌లోనే ఆడేలా పంపి ఉండాల్సింది. అది తట్టేసరికి రెండు రోజులు గడిచిపోయాయి.

సెప్టెంబర్ 1, సోమవారం. ఉదయం తొమ్మిదింటికి ప్రిన్సిపాల్ గారు పిలిచారు. ఆఫీసు ఫోన్ తీసి పక్కన పెట్టేశారు, అప్పటికే అరవై దాకా కాల్స్ వచ్చాయట. ఆయన మంచివారే, నన్ను ఒక్క మాట అనలేదు, కానీ వీడియో చూడమంటే “అది కాదమ్మా ఇప్పుడు విషయం” అన్నారు. రెండు రోజులు రావద్దన్నారు. ఆ రెండు రోజులు 35 రోజులయ్యాయి. సెప్టెంబర్ జీతం 26,000 రూపాయలు ఒక్క పైసా రాలేదు, ‘సెలవు మీరే అడిగినట్టు రికార్డులో ఉంది’ అన్నారు. నేను కాగితం మీద ఏదీ అడగలేదు, వాళ్లూ ఏదీ రాసివ్వలేదు. మీకు ఇలా జరిగితే, రావద్దని చెప్పిన రోజే ‘మీరు రావద్దన్నారు కాబట్టి రావడం లేదు’ అని ఒక్క మెయిల్ పెట్టండి. ఆ ఒక్క వాక్యం ఉంటే నా నెల జీతం నిలిచేది.

అదే రోజు రాత్రి 11:40కి, నేను వీడియోలు పెట్టే యాప్ నుంచి నోటిఫికేషన్ వచ్చింది. ‘ద్వేషపూరిత ప్రసంగం’ కింద వీడియో తీసేశారు. మర్నాడు పొద్దున లేచేసరికి అకౌంటే లేదు. ‘అందరూ రిపోర్ట్ కొట్టండి’ అని ఆ క్లిప్ కింద పిలుపు నడిచిందని తర్వాత తెలిసింది. విచిత్రం ఏమిటంటే, జనం రిపోర్ట్ కొట్టింది నా అసలు వీడియో మీద, కోసిన క్లిప్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. అప్పీల్ అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే కారణం రాయడానికి చిన్న పెట్టె, నాలుగు వాక్యాలు కూడా పట్టవు. తెలుగులో రాశాను. ఏడు నిమిషాల్లో తిరస్కరించారు. ఆరు నిమిషాల నలభై సెకన్ల వీడియోను ఒక మనిషి పూర్తిగా విని, ఆలోచించి, ఏడు నిమిషాల్లో తేల్చగలరని నేను నమ్మను.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. అకౌంట్ పోకముందు నా వీడియో కింద వచ్చిన కామెంట్లలో 41 నేను రిపోర్ట్ చేశాను. కులం పేరు పెట్టి తిట్టినవి, ఇంటికొచ్చి ఏం చేస్తారో రాసినవి, ఆడదాన్ని కాబట్టి రాసినవి. తీసేసింది రెండే. మిగతా 39కి ‘మా నిబంధనలకు విరుద్ధంగా ఏమీ లేదు’ అని వచ్చింది. మళ్లీ మళ్లీ చూస్తే అర్థమైంది, ఆ 39 తెలుగు తిట్లే కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినవి, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు. తీసేసిన రెండూ తెలుగు లిపిలో ఉన్నవి. నేను స్పష్టంగా పలికి, తెరమీద తెలుగులో అచ్చు వేసి చూపించాను కాబట్టి దొరికిపోయాను. తిట్టొద్దన్నదాని గొంతు పోయింది, తిట్టినవాళ్ల గొంతు నిలిచింది.

సెప్టెంబర్ 3న స్టేషన్ నుంచి ఫోన్. ‘మీ మీద కంప్లయింట్ వచ్చింది, ఒకసారి వచ్చి వెళ్లండి.’ మా ఇంట్లో అప్పటిదాకా స్టేషన్ గడప తొక్కినవాళ్లు లేరు. అమ్మకు బీపీ పెరిగి ఆ రాత్రి ఆర్ఎంపీ డాక్టర్ గారిని పిలిపించాం. నాతో పాటు డిగ్రీ చదివిన ఒక అక్క ఇప్పుడు గుంటూరులో లాయరు, ఆమెకు ఫోన్ చేశాను. ముందు ఆమె నన్ను అడిగింది ఒక్కటే, “అసలు ఫైల్ నీ దగ్గర ఉందా?” ఉంది. వీడియోలన్నీ హార్డ్ డిస్క్‌లో దాస్తాను, ఆ అలవాటే నన్ను కాపాడింది. అకౌంట్‌లోనే ఉంచుకున్నదాన్నైతే నా దగ్గర నా మాటకు సాక్ష్యం ఉండేది కాదు.

అక్క చెప్పినవి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఫోన్‌లో బెదిరించినవాళ్లు ‘66ఏ పెట్టిస్తాం’ అంటున్నారంటే, ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న కొట్టేసిందని, అది ఇప్పుడు లేదని చెప్పింది. పెడితే గిడితే భారతీయ న్యాయ సంహితలో 196 (వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం) గానీ 299 (మత భావాలను గాయపరచడం) గానీ అంటారు, రెండింటికీ మూడేళ్ల వరకు శిక్ష. ఇలాంటి మాటల కేసుల్లో, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉంటే, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి తర్వాతే ఎఫ్ఐఆర్ సంగతి చూడడం మంచిదని 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అన్న మాటను తేలిగ్గా బెదిరిపోయేవాళ్ల కొలతతో కాదు, గట్టి మనసున్నవాళ్ల కొలతతో చూడాలని కూడా అందులో ఉంది. ఆ తీర్పు కాపీ తీయించి ఫైల్లో పెట్టాం. విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే నోటీసు (భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 35) వాట్సాప్‌లో పంపితే చెల్లదని కూడా అప్పుడే తెలిసింది. “పిలిచారు కదా అని ఒంటరిగా వెళ్లకు, వెళ్లనని మొండికేయకు. నీ దగ్గర చూపించడానికి వీడియో ఉంది, అదే నీ బలం” అంది. స్నేహం కొద్దీ ఫీజు 5,000 తీసుకుంది, రెండుసార్లు తోడు వచ్చింది.

సెప్టెంబర్ 4, ఉదయం 10:30కి రమ్మన్నారు. ఎస్ఐ గారు వచ్చేసరికి ఒంటిగంట పావు. ఆ రెండు గంటల నలభై ఐదు నిమిషాలు బెంచీ మీద కూర్చుని, ఎదురుగా వచ్చిపోయే ప్రతి మనిషీ నన్ను గుర్తుపట్టారేమో అనుకుంటూ చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. నేనేం తప్పు చేశానని దాక్కుంటున్నానో నాకే తెలియలేదు. ఎస్ఐ గారు ముందు క్లిప్ చూపించారు, అక్క పెన్ డ్రైవ్ ఇచ్చింది. ఆయన కంప్యూటర్‌లో మొత్తం చూశారు. ఈ గొడవలో నా వీడియోను మొదటినుంచి చివరిదాకా చూసిన మొదటి అధికారి ఆయనే, ఆ గౌరవం నాకు ఎప్పటికీ ఉంటుంది. “కంప్లయింట్ ఇచ్చినవాళ్లు ఇది చూసినట్టు లేదు, సోమవారం వాళ్లనూ పిలుస్తాను” అన్నారు.

మర్నాడు సెప్టెంబర్ 5, ఉపాధ్యాయ దినోత్సవం. ఇంట్లో ఉన్నాను. ఫైనలియర్ పిల్లలు పదిహేడు మంది విడివిడిగా మెసేజ్‌లు పెట్టారు, గ్రూపులో మాత్రం ఒక్కరూ పెట్టలేదు. వాళ్లనేమీ అనను, వాళ్లకూ భయమే. ఒకమ్మాయి రాసింది, ‘మేడమ్, మా నాన్నది ఇస్త్రీ బండి. మీరు చాకిరేవు గురించి చెప్పింది మా అమ్మకు చూపించాను’ అని. ఆ మెసేజ్ ఎన్నిసార్లు చదువుకున్నానో.

సెప్టెంబర్ 8 సోమవారం, కంప్లయింట్ ఇచ్చిన మా కుల సంఘం వాళ్లు నలుగురు స్టేషన్‌కి వచ్చారు. పెద్దాయనకు డెబ్బై దాకా ఉంటాయి. నాకు ఆయన మీద కోపం ఉండేది, ఆయన్ను చూశాక పోయింది. ఆయన దగ్గర ఉన్నది చిన్న ఫోన్, అందులో క్లిప్ వచ్చింది, తన కులాన్ని ఒక లెక్చరరమ్మ నోటితో తిట్టినట్టు విన్నాడు, జీవితమంతా కస్టమర్ల నోట విన్న మాటలే అవి. తన మాట వినిపించడానికి ఆయనకు తెలిసిన చోటు పోలీసు స్టేషన్. ఎస్ఐ గారు మొత్తం వీడియో పెట్టారు. ‘గట్టిమేళం’ అన్న చోట ఆయన తల వంచుకున్నాడు. అయిపోయాక, “మీది ఏ ఊరమ్మా, మీ నాన్న ఎవరు?” అని అడిగాడు. చెప్పాను. “సన్నాయి ఆయనా! మా పెద్దమ్మాయి పెళ్లికి వాయించాడు గదమ్మా” అన్నాడు. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడే రాసిచ్చాడు. బయటికొచ్చాక నా తల మీద చెయ్యి పెట్టి, తమ గ్రూపులో నిజం చెప్పిస్తానన్నాడు. చెప్పించాడు కూడా, ఆయన మనవడు వీడియో తీసి పెట్టాడు. దాన్ని నాలుగు వందల మంది చూశారు. ఆ రోజుకి కోసిన క్లిప్ ఒక్క యాప్‌లోనే మూడు లక్షలు దాటింది.

ఎఫ్ఐఆర్ కాలేదు. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. అకౌంట్ సంగతి ఇంకా తేలలేదు.

యాప్ లోపలి అప్పీల్ పోయాక మన దేశంలో ఇంకో దారి ఉందని నాకు అక్క చెప్పేదాకా తెలియదు. ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సోషల్ మీడియా కంపెనీకీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 2025లో ఉన్న నిబంధన ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. ఆ ఆఫీసర్ వివరాలు యాప్‌లో ఎక్కడో అడుగున ఉంటాయి, వెతకడానికే గంట పట్టింది. సెప్టెంబర్ 5 సాయంత్రం ఫిర్యాదు పెట్టాను, మర్నాడు నంబరు వచ్చింది, 18న జవాబు వచ్చింది. ఇంగ్లిష్‌లో మూడు వాక్యాలు, ‘పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదు’ అని. ఆ రోజు చాలా ఏడ్చాను. స్టేషన్‌లో కూడా ఏడవలేదు, అక్కడ మనిషి ముందు కూర్చుని మాట్లాడాను కాబట్టి.

ఆ జవాబు వచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి వెళ్లొచ్చు. అంతా ఆన్‌లైనే, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కానీ కష్టం వేరే చోట ఉంది. నేను మాట్లాడింది తెలుగులో, అవతల చదివేవాళ్లకు తెలుగు వస్తుందో రాదో తెలియదు. అందుకని వీడియో మొత్తాన్ని తెలుగులో మాట మాటా రాసి, పక్కన ఇంగ్లిష్ అనువాదం పెట్టాను, ఏ సెకనులో ఏ మాటో అంకెలు వేశాను. ‘క్షవరం అయింది’ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? అక్షరాలా రాస్తే జుట్టు కత్తిరించారనే అర్థం వస్తుంది, అవమానం కనపడదు, అది వివరించడానికే అరపేజీ పట్టింది. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు రెండు రాత్రులు నాతో పాటు ఫోన్‌లో కూర్చుంది. 2022 జీవో కాపీ, కోసిన క్లిప్ స్క్రీన్‌షాట్లు, ఫిర్యాదు వెనక్కి తీసుకున్న కాగితం జత చేసి సెప్టెంబర్ 22న పంపాను. నాకు ఇంగ్లిష్ వచ్చిన స్నేహితురాలు ఉంది, లాయరక్క ఉంది, హార్డ్ డిస్క్ ఉంది. ఇవేవీ లేని మా పెదనాన్న కొడుకో, ఆ ఇస్త్రీ బండి అమ్మాయో ఇదే మాట అని ఉంటే ఏమయ్యేది అని రోజూ అనుకుంటాను.

ఆ రోజే నవరాత్రులు మొదలయ్యాయి. నాన్న ఆ రోజులన్నీ గుడిలో వాయించారు. ఇంటికొచ్చి ఏమీ అడిగేవారు కాదు, ఒక్కసారి మాత్రం “ఆ మాటలు నువ్వు పలకకుండా ఉండాల్సిందేమో అమ్మా” అన్నారు. పలకకపోతే ఏ మాట మానాలో ఎలా చెప్పను నాన్నా అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆయన అన్నదాంట్లో నిజం ఉందేమో అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. తెరమీద అచ్చు వేయకుండా, మొదటి అక్షరం వేసి చుక్కలు పెడితే సరిపోయేదేమో. ఆ మాటలు జీవితమంతా విన్నవాళ్లకు మళ్లీ వినడం ఎంత నొప్పో, ఆ పెద్దాయన ముఖం చూసేదాకా నేను సరిగ్గా లెక్క వేసుకోలేదు.

ఈ ఖాళీ రోజుల్లో ఇంకొకటి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 2023లో ఒక కుర్రాడు రాయలసీమ యాసను వెక్కిరించాడని ఒక క్లిప్ వస్తే, నేను కూడా పెద్ద పోస్టు రాసి పంచుకున్నాను. పూర్తి వీడియో చూడలేదు. అందరూ అంటున్నారు కదా అని అన్నాను, నాకు అప్పుడు చాలా లైకులు వచ్చాయి. ఇప్పుడు క్షమాపణ చెబుదామని వెతికితే ఆ కుర్రాడి అకౌంట్ లేదు. పేరు గుర్తుంది, ఎక్కడ ఉన్నాడో తెలియదు.

అక్టోబర్ 6న, దసరా సెలవులయ్యాక కాలేజీకి రమ్మన్నారు. ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. యాజమాన్యం అనుమతి లేకుండా సోషల్ మీడియాలో ఏ విషయం మీదా వీడియోలు పెట్టనని. ‘కాలేజీ గురించి’ అని మారుస్తారా అని అడిగాను, కుదరదన్నారు. సంతకం పెట్టాను. ఇంటి అద్దె, అమ్మ మందులు, ఆగిపోయిన జీతం, ఇవన్నీ ఆ నిమిషంలో కళ్ల ముందు ఉన్నాయి. ధైర్యంగా విసిరికొట్టానని రాయాలని ఉంది, అలా జరగలేదు.

అక్టోబర్ 16 గురువారం మధ్యాహ్నం, క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. కంపెనీ నుంచి మెయిల్. ‘పొరపాటు జరిగింది, మీ అకౌంట్, వీడియో పునరుద్ధరించాం.’ అప్పీల్ కమిటీకి వెళ్లిన 24వ రోజు. పొరపాటు ఎవరిదో, ఎలా జరిగిందో ఒక్క మాట లేదు. ఫాలోవర్లు 9,100 మంది మిగిలారు. వీడియో కింద ఆ 39 కామెంట్లు అలాగే ఉన్నాయి, ఒక్కొక్కటీ నేనే తుడిచాను, తుడిచే ముందు స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను.

ఖర్చు మొత్తం చెప్పాలంటే లాయరుకు 5,000, కాపీలు, పెన్ డ్రైవ్, ఆటోలు కలిపి 1,800 దాకా, పోయిన జీతం 26,000. కోసిన క్లిప్ ఇంకా అక్కడక్కడా తిరుగుతోంది, మొన్న దీపావళికి కూడా ఒక దూరపు బంధువు “ఇది నువ్వేనా?” అని పంపాడు. ఇప్పుడు నా ఫోన్‌లో వాట్సాప్‌లోనే ఆడేలా నాలుగు ముక్కలుగా పూర్తి వీడియో సిద్ధంగా ఉంది, వెంటనే పంపుతాను. అతను నాలుగూ చూసి సారీ చెప్పాడు.

ఆ కాగితంలోని మాట మార్చమని నవంబర్ 3న యాజమాన్యానికి మెయిల్ పెట్టాను, అక్కే రాసిపెట్టింది. ఇంకా జవాబు రాలేదు. సంఘం పెద్దాయన మాత్రం కార్తీక మాసంలో వాళ్ల వనభోజనాలకు పిలిచాడు, అక్కడ నిలబడి ఆ ఆరు నిమిషాలు మళ్లీ మాట్లాడమన్నాడు. నాన్న సన్నాయి తీసుకుని నాతో పాటు వస్తానన్నారు. మైక్ ఉంటుందట.